నోటు ఎప్పుడు దాచావు?

వందనాలు తమ్ముడూ. నీకు 34 ఏళ్లని రాశావు, నాకు 62. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ సంగతి నాకు అర్థమైనంత వరకు ఇది. చర్చిలో కీబోర్డు వాయిస్తావు. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమ దినాలు నలభై రోజులూ చుక్క ముట్టవు. ఈస్టర్ దాటి జీతం పడిందంటే మళ్లీ మొదలు. మూడు ఉపవాస కూటాల్లో ముందుకు వెళ్లి, మోకరించి, ఏడ్చి తీర్మానం చేసుకున్నావు. మూడుసార్లూ తప్పావు. మీ నాన్నగారు కూడా తాగేవారు కాబట్టి ఇది వంశ శాపమని ఒక బోధకుడు చెప్పాడు. మీ ఆవిడ పుట్టింటికి వెళ్లిపోతానంటోంది. చివర్లో అడిగావు: "అసలు నాకు రక్షణ ఉందా అంకుల్, లేక నా విశ్వాసమే నాటకమా?"

విశ్వాసం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒంటి సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. నువ్వు నెలకు నాలుగైదు రోజులు తాగుతావా, రోజూ తాగుతావా అన్నది రాయలేదు. రోజూ బాగా తాగే మనిషి, పొద్దున లేవగానే చేతులు వణికే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. కొన్ని గంటల్లోనే చెమటలు, వణుకు మొదలవుతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పుతుంది. గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనబడుతుంది, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినబడుతుంది. వైద్యం అందకపోతే ఆ దశలో చనిపోయేవాళ్లు ఉన్నారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘాల్లో తాగుబోతును మాన్పించాలంటే మొదట తోచే మందు మూడు రోజుల ఉపవాసం. మా పక్క ఊళ్లో ఒకాయన్ని అలాగే నీళ్లు కూడా ఇవ్వకుండా మందిరంలో కూర్చోబెట్టారు. మూడో రోజు రాత్రి ఆయన కేకలు పెడుతుంటే దెయ్యం వదులుతోందని డప్పులు ఇంకా గట్టిగా వాయించారు. ఆయన మేనల్లుడు ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. వచ్చి చూసి, ఎవరు అడ్డుపడినా వినకుండా ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. సెలైన్లు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు, నెమ్మదించడానికి మందులు. వారానికి మనిషి లోకంలోకి వచ్చాడు. దెయ్యం లేదు, ఏమీ లేదు. తాగుడు ఒక్కసారిగా ఆపితే వచ్చే జబ్బు అది.

కాబట్టి రోజూ తాగేవాడివైతే ఉపవాసం కన్నా ముందు డాక్టరు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైను, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు మాన్పించడానికి విడిగా 14446 ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టని ఎవరైనా అంటే, పౌలు వెంట తిరిగిన లూకా వృత్తి ఏమిటో అడుగు. ఆయన వైద్యుడే.

ఇంకొక్కటి చెప్పి ఈ సంగతి ముగిస్తాను. తాగితే వాంతి వచ్చేలా చేసే మాత్ర ఒకటుంది, డైసల్ఫిరామ్ అంటారు. మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెడుతున్న ఇళ్లు నేను చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. అది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. మనిషి ఒప్పుకుని, డాక్టరు చూసి ఇస్తేనే అది మందు.

ఇప్పుడు నా కథ.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో పట్టీలు రాసే గుమస్తాని. జనవరి నుంచి మే దాకా సీజను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లారీల మీద లారీలు దిగుతాయి. ఆ ఘాటుకి పొద్దున పది గంటలకే కళ్లు మండిపోతాయి, సాయంత్రానికి గొంతులో నిప్పు. ఘాటు దిగాలంటే ఒక పెగ్గు పడాలని మాలో మాకొక శాస్త్రం. అసలు సంగతేమిటంటే, సీజను లేని ఆగస్టులో కూడా తాగేవాణ్ణి.

1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చినప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం అది. మా అమ్మ ఆ వార్త విని మోకాళ్ల మీద పడి స్తుతించింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం కూడా వచ్చింది. కొట్లు మూశారు, నా అలవాటు మాత్రం మూతపడలేదు. ఎటునుంచో ఒకటి వచ్చేది, రేటు రెట్టింపు, అంతే తేడా. 1997లో నిషేధం ఎత్తేసేసరికి నేను ఇంకో రెండు మెట్లు దిగి ఉన్నాను. గవర్నమెంటు ఆపినా ఆగలేదని అప్పుడే అర్థం కావాలి నాకు. కాలేదు.

తీర్మానాల సంగతంటావా, నా రోజు డిసెంబరు 31. రాత్రి ఆరాధనలో పన్నెండు కొట్టేటప్పుడు మోకాళ్ల మీద ఉండి ఏడ్చేవాణ్ణి. కొత్త ఏడాదికి వచనం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు తీసుకుని బైబిల్లో పెట్టుకునేవాణ్ణి. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. కొన్నేళ్లు సంక్రాంతి దాకా ఆగేవాణ్ణి, కొన్నేళ్లు ఫిబ్రవరి దాకా. కార్డులు మాత్రం పోగుపడ్డాయి.

2004లో మట్టల ఆదివారం. ముందురోజు రాత్రి తాగి వచ్చి పడిపోయాను. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మట్ట పట్టుకుని నాతో ఊరేగింపుకి రావాలని తెల్లచొక్కా వేసుకుని మంచం పక్కన నిలబడ్డాడు. నేను లేవలేదు. మా ఆవిడ బైబిలు చిరిగి బైండింగుకి ఇచ్చిందేమో, నాది తీసుకుని వెళ్లింది. గుళ్లో కానుక కోసం చిల్లర వెతుకుతూ జిప్పు కవరు లోపలి అర తెరిస్తే నాలుగు మడతలు పెట్టిన వంద నోటు దొరికింది. కానుక నోటు ఎవరూ అలా మడవరు. ఆమెకు అర్థమైపోయింది.

ఆ నోటు తీసుకెళ్లి ఒక సంఘపెద్దకి ఇచ్చింది. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, మేమంతా మాస్టారు అనేవాళ్లం. సాయంత్రం ఇంటికి వచ్చారు. నేను తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. ఆయన నోటు బల్ల మీద పెట్టి, మడతలు విప్పకుండానే అడిగారు.

"ఇది ఎప్పుడు దాచావురా?"

ఎందుకు తాగావు అని అడిగితే నా దగ్గర వంద జవాబులున్నాయి. ఈ ప్రశ్నకి లేదు. తడబడ్డాను. మంగళవారం అన్నాను.

"తాగింది శనివారం కదా. మంగళవారం ఏమైంది?"

మంగళవారం కొట్లో మూడు టిక్కీలు లెక్క తేడా వచ్చింది. తప్పు నాది కాదు. కానీ యజమాని రైతుల ముందు నన్ను అనరాని మాట అన్నాడు. మా బామ్మర్ది కూడా అక్కడే ఉన్నాడు. నేను కిక్కురుమనలేదు. ఇంటికొచ్చి మాట్లాడకుండా తిని, అందరూ పడుకున్నాక ఆ నోటు మడిచి బైబిలు కవర్లో పెట్టాను. నమ్మితే నమ్ము తమ్ముడూ, ఆ నోటు మడిచేటప్పుడు నాకు తాగాలని లేదు. ఊరికే, ఉంటే ఉంటుందిలే అని పెట్టాను. బుధవారం ప్రార్థన కూటానికి పని ఉందని వెళ్లలేదు. శుక్రవారం మా ఆవిడ మీద పప్పులో ఉప్పు గురించి అరిచాను. శనివారం రోజూ ఎక్కే ఆటో ఎక్కకుండా నడిచి బయల్దేరాను. నడిచే దారిలోనే ఆ కొట్టు ఉంది. కొట్టు ముందుకి వచ్చాక దేవుడా నన్ను ఆపు అని ప్రార్థన చేశాను. ఆగలేదు. ఆ నోటు మాత్రం కవర్లోనే ఉండిపోయింది, జేబులో ఉన్నదే సరిపోయింది.

మాస్టారు పాత లెక్కల పుస్తకం వెనక పేజీ తీయించి, గుర్తున్నంత వరకు పడిపోయిన సందర్భాలన్నీ రాయించారు. పదకొండు తేలాయి. ఒక్కోదానికి ముందు మూడు నాలుగు రోజులు వెనక్కి నడిపించారు. తొమ్మిదింటిలో ఎవరో ఒకరు నలుగురి ముందు నన్ను తక్కువ చేశారు, నేను నోరు మూసుకున్నాను. పదేళ్లుగా నేను మందు కొట్టు ముందు నిలబడి ప్రార్థన చేస్తున్నాను. చేయాల్సింది మంగళవారం రాత్రి, నోటు మడిచేటప్పుడు.

నువ్వు అడిగినదానికి నేను చెప్పగలిగిన అసలు జవాబు ఇదే. నీ తీర్మానం అబద్ధం కాదు, కానీ అది గ్లాసు గురించిన తీర్మానం. గ్లాసు నీ చేతికి వచ్చేటప్పటికి పని మూడు వంతులు అయిపోయి ఉంటుంది. జీతం ఒకటో తారీఖున పడితే, ఇరవై ఎనిమిదిన నువ్వు ఏం చేస్తున్నావో చూసుకో. ఇంట్లో ఈఎంఐ లెక్కలు తీసి గొడవ పడుతున్నావా? ఆఫీసులో ఎవరి ఫోన్ ఎత్తడం మొదలుపెడుతున్నావు? క్వైర్ ప్రాక్టీసుకి ఎగ్గొడుతున్నావా? నీ తరానికి బైబిలు కవరు అక్కర్లేదు. మీ ఆవిడకి తెలియని రెండో యూపీఐ ఖాతా ఒకటి చాలు. ఉందా? ఉంటే అదే నీ మడతల నోటు.

శ్రమ దినాల గురించి నువ్వు సిగ్గుపడుతూ రాశావు, నలభై రోజులు నటించి మళ్లీ పడిపోతున్నానని. నాకది ఇంకోలా కనబడుతోంది. ఆ నలభై రోజులు నువ్వు నిజంగానే మానావు కదా. ఎలా మానావు? సంకల్పం ఒక్కసారిగా పెరిగిందా? ఆ రోజుల్లో సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా గుళ్లోనో ఎవరింట్లోనో కూటం ఉంటుంది. కీబోర్డు నీదే కాబట్టి నువ్వు లేకపోతే పాట నడవదు. ఇంట్లో మాంసం వండరు. ఆదివారం బిర్యానీ, దాని పక్కన సీసా అనే లింకు తెగుతుంది. ఆఫీసు స్నేహితులకి కూడా తెలుసు, "వాడు శ్రమ దినాల్లో ఉన్నాడ్రా" అని వదిలేస్తారు. ఈస్టర్ మర్నాడు ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి. సాయంత్రం ఏడు గంటలకు నీకు పని లేదు, నిన్ను వెతికేవాడు లేడు.

మత్తయి పన్నెండో అధ్యాయంలో ఆ ఇంటి ఉపమానం గుర్తుందా? అపవిత్రాత్మ వదిలిపోయి, తిరిగి తిరిగి వచ్చి చూస్తే ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది. ఇల్లు మురికిగా ఉందని దాని మీద ఫిర్యాదు లేదు. లోపల ఎవరూ లేరు, అదీ గొడవ. అందుకే అది ఇంకో ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. నీ ఇల్లు నలభై రోజులూ శుభ్రంగానే ఊడుస్తున్నావు. నలభై ఒకటో రోజు సాయంత్రం ఏడు గంటలకు ఆ ఇంట్లో ఎవరుంటారో ముందే ఏర్పాటు చేసుకోవాలి. నేనైతే రెండేళ్లు ఆ గంటలో మాస్టారి దగ్గర పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పాను. నాకు ట్యూషన్ల మీద ప్రేమేం లేదు, ఆ గంట నాకు ఖాళీగా ఉండకూడదు, అంతే.

వంశ శాపం. దీని మీద నాకు కొంచెం కోపముంది, క్షమించు. నిర్గమకాండంలో మూడు నాలుగు తరాల మాట ఉంది నిజమే. దాని పక్క వచనంలోనే వెయ్యి తరాల వరకు కరుణ అని కూడా ఉంది, అది చదివేటప్పుడు మైకు కట్ అవుతుందేమో తెలియదు. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం మొత్తం దీని గురించే. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అనే సామెత ఇక ఇశ్రాయేలులో ఎవరూ పలకకూడదని దేవుడే అంటాడు. అలాగని తండ్రి నుంచి ఏమీ రాదని కాదు. తాగుడుకి బానిసయ్యే గుణంలో దాదాపు సగం పుట్టుకతో వస్తుందని వైద్యులు చెబుతారు. షుగరు ఉన్న ఇంట్లో పుట్టినవాడు స్వీటు దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో, నువ్వూ అంతే జాగ్రత్తగా ఉండాలి. "ఒక్క బీరే కదా" అనే మాట మీ బావగారికి చెల్లుతుందేమో, నీకు చెల్లదు.

ఇంకోటి కూడా వస్తుంది తండ్రి నుంచి. మా నాన్నకి బాధ కలిగితే మాట్లాడేవాడు కాదు. అరుగు మీద కూర్చుని బీడీ తాగేవాడు, తర్వాత లేచి వెళ్లిపోయేవాడు, తూలుతూ తిరిగొచ్చేవాడు. మగవాడికి బాధ వస్తే చేయాల్సిన పని అదే అనుకుంటూ పెరిగాను. నోరు తెరిచి "నాకు అవమానంగా ఉంది" అని చెప్పవచ్చని నలభై ఏళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. దీన్ని విరగ్గొట్టడానికి నూనె సీసా, ప్రత్యేక కానుక అక్కర్లేదు. ఒక్కసారి నోరు తెరిస్తే చాలు, తర్వాత మళ్లీ మళ్లీ తెరవాలి.

రక్షణ ఉందా అన్నావు. రోమా ఏడో అధ్యాయంలో పౌలు "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అంటాడు. అది ఆయన మారకముందు సంగతా, మారిన తర్వాత సంగతా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు పనికొచ్చింది వేరే చిన్న విషయం. ఆయన ఉత్తరం రాసినప్పుడు అధ్యాయాలు లేవు, ఆ అంకెలు 13వ శతాబ్దంలో పెట్టారు. అంటే "అయ్యో నేనెంత దౌర్భాగ్యుడను" అన్న కేక దగ్గరికి, "ఏ శిక్షావిధియు లేదు" అన్న మాట దగ్గరికి మధ్య పేజీ తిప్పాల్సిన పనే లేదు. మనం ఏడు చదివి బైబిలు మూసేసి ఇంటికి పోతున్నాం.

పేతురుని చూడు. ఆయన బలహీనత ఏమిటి? మనుషుల భయం. ప్రధాన యాజకుని ముంగిట్లో నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ ఒక పనిపిల్లకి భయపడి యేసు ఎవరో తెలియదన్నాడు. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున యేసు మళ్లీ నిప్పులు పెట్టి, చేపలు కాల్చి, మూడుసార్లు అడిగి ఆ గాయం కడిగాడు. ఇక్కడిదాకా ప్రతి ప్రసంగంలోనూ వింటాం. తర్వాతది తక్కువ వింటాం. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు అయింది, వేలమంది మారారు, ఎన్నో ఏళ్లు గడిచాయి. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి మనుషులు రాగానే భయపడి పంక్తి నుంచి పక్కకి జరిగాడు. అదే పాత భయం! పౌలు అందరి ముందూ నిలదీశాడు. గలతీ రెండో అధ్యాయంలో ఉంది. పెంతెకొస్తు నాటకమని దానికి ఎవరూ అనలేదు. పాత దారి ఎంత లోతుగా పడి ఉంటుందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఎదురుగా నిలబడి చెప్పే ఒక పౌలు పేతురుకే అవసరమయ్యాడు, నువ్వూ నేనూ ఎంత?

ఆ పౌలు నీకెవరు? యాకోబు పత్రికలో పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని ఉంది, స్వస్థత కోసం. మనం ఇన్నాళ్లూ దేవునితో ఒప్పుకుంటున్నాం, అది సులువు, ఆయన ఎవరితోనూ చెప్పడు. మనిషితో చెప్పాలంటేనే గొంతు పట్టేస్తుంది. మనిషిని ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త. ప్రార్థనాంశం పేరుతో ఊరంతా చాటేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. బంధువు వద్దు. నీకన్నా పెద్దవాడు, మగవాడు, రాత్రి పదకొండుకి ఫోన్ ఎత్తేవాడు కావాలి. నువ్వు చెప్పిన మాట ఆయన భార్యకి కూడా తెలియకూడదు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం పుట్టిందే ఒక ఫోన్ కాల్ మీద. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఒక హోటల్లో ఉన్నాడు. తాగుడు మాని ఐదు నెలలైంది. వ్యాపారం బెడిసికొట్టింది, జేబులో పెద్దగా డబ్బు లేదు, హోటల్ లాబీకి ఒక పక్క బార్ ఉంది, నవ్వులు వినబడుతున్నాయి. ఆయన అటు వెళ్లకుండా, గోడ మీద ఉన్న చర్చిల పట్టిక చూసి ఒక పాస్టరుకి ఫోన్ చేశాడు. నేను తాగుబోతుని, ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అన్నాడు. ఆ చివర, ఈ చివర పట్టుకుంటే డాక్టర్ బాబ్ అనే సర్జన్ దొరికాడు. పదిహేను నిమిషాల కన్నా కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు ఆరు గంటలు మాట్లాడాడు. అయినా కొన్ని వారాలకే ఒక వైద్యుల సమావేశానికి వెళ్లి మళ్లీ తప్పతాగి వచ్చాడు. తిరిగొచ్చాక 1935 జూన్ 10న తాగిందే ఆయన చివరి గ్లాసు. ఆ తేదీనే వాళ్లు తమ పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటారు. అంటే వాళ్లిద్దరి స్నేహంలో కూడా ఒక పడిపోవడం ఉంది. మన నగరాల్లోనూ వాళ్ల మీటింగులు జరుగుతాయి, కొన్ని చర్చి ఆవరణల్లోనే. పేరు చెప్పనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. అక్కడ దేవుణ్ణి "మేము అర్థం చేసుకున్న దేవుడు" అంటారు, అది కొందరు పాస్టర్లకి నచ్చదు. నాకు మాత్రం అక్కడ ముసుగు లేకుండా కూర్చున్న గంట, గుళ్లో ముసుగు వేసుకుని కూర్చున్న పదేళ్ల కన్నా ఎక్కువ పనిచేసింది.

కీబోర్డు విషయం. మీ పాస్టరు గారితో నువ్వే వెళ్లి చెప్పు, ఎవరో చెప్పేలోపల. మూడు నెలలు పక్కన కూర్చుంటానని నువ్వే అడుగు. శిక్షగా కాదు. శనివారం రాత్రి తాగి ఆదివారం పొద్దున పాటలకు స్వరాలు ఇస్తుంటే లోపల ఒక కుళ్లు పేరుకుంటుంది. ఆ కుళ్లు తట్టుకోలేక మళ్లీ తాగుతావు. ఆ చక్రం నాకు బాగా తెలుసు. అలాగే మానిన మూడో వారానికే సాక్ష్యం చెప్పమని ఎవరైనా మైకు ఇస్తే తీసుకోకు. "విడుదల పొందాను" అని నలుగురిలో చెప్పిన మనిషి, తర్వాత జారితే చెప్పుకోవడానికి చోటుండదు. మీ సంఘంలో ప్రభువు బల్లలో నిజమైన ద్రాక్షారసం, అంటే వైన్, ఇస్తుంటే, నీకు ద్రాక్షపండ్ల రసం ఇమ్మని అడగడం కూడా తప్పేం కాదు.

కొన్నాళ్లకు ఒక ప్రమాదం వస్తుంది, ముందే చెబుతున్నా. పాత రోజులు తియ్యగా గుర్తొస్తాయి. సంఖ్యాకాండంలో ఇశ్రాయేలీయులు అరణ్యంలో కూర్చుని, ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు గుర్తొస్తున్నాయని ఏడ్చారు. ఉచితంగానట! ఇటుకలు మోయించుకుని, మగపిల్లల్ని నదిలో పోగొట్టుకుని, ఉచితమంటున్నారు. నాకు కూడా యార్డు వెనక గోడ మీద కూర్చుని లారీ డ్రైవర్లతో నవ్విన నవ్వులే గుర్తొచ్చేవి, మంచం పక్కన తెల్లచొక్కాతో నిలబడ్డ పిల్లాడు గుర్తొచ్చేవాడు కాదు. అందుకే ఆ పదకొండు సందర్భాల కాగితం పర్సులో పెట్టుకు తిరిగాను. కీరకాయలు గుర్తొచ్చినప్పుడు అది తీసి చదివేవాణ్ణి.

మీ ఆవిడ గురించి. ఆమె నిన్ను నమ్మాలని అడగొద్దు. క్షమించడం ఒక్క పూటలో జరగొచ్చు, నమ్మకం మాత్రం జీతం తర్వాత జీతం చూసి వస్తుంది. జీతం ఖాతా ఆమె చేతికి ఇవ్వు, ఆ రెండో యూపీఐ ఆమె ముందే తీసెయ్యి. మా ఆవిడ రెండేళ్లు నా చొక్కా వాసన చూసింది. మొదట్లో రోషం వచ్చేది. మాస్టారు అన్నారు, "నువ్వు ఇచ్చిన అలవాటే కదా, మానడానికి ఆమెకీ టైమివ్వు" అని. నువ్వు రాయలేదు కానీ, తాగినప్పుడు చేయి చేసుకుంటున్నావంటే మాత్రం ఆమె పుట్టింటికి వెళ్లడమే సరైనది, అందులో అవిశ్వాసం ఏమీ లేదు. ఆడవాళ్ల కోసం 181 నంబరు ఉందని కూడా ఆమెకు చెప్పు.

నేను 2004లో ఆగిపోయాననుకుంటున్నావేమో. 2006 నవంబరులో మా పెదనాన్న మనవడి పెళ్లిలో మళ్లీ పడ్డాను. రెండేళ్ల ఏడు నెలల తర్వాత. రాత్రి పదకొండున్నరకి కల్యాణమండపం వెనక నుంచి మాస్టారికి ఫోన్ చేశాను. నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును అనే వచనం వినిపిస్తారనుకున్నా. ఆయన అలాంటివేమీ చెప్పలేదు.

"తాగావా? సరే. ఇప్పుడు మండపంలోకి వెళ్లకు, అక్కడే కూర్చో. మా అబ్బాయిని పంపించి ఆటో మాట్లాడిస్తా. పొద్దున ఆరింటికి మా ఇంటికి రా, టీ తాగుదాం."

పొద్దున టీ తాగుతూ లెక్కల పుస్తకంలో పన్నెండో లైను రాయించారు. దాని వెనక్కి నడిస్తే మళ్లీ అదే కథ, పెళ్లి పత్రికలో మా పేర్లు వేయలేదని నాలుగు రోజుల ముందు నాకు కోపం. ఎవరితోనూ అనలేదు. ఆ పేజీలో పదమూడో లైను ఇంతవరకు రాయలేదు.

మాస్టారు పోయి తొమ్మిదేళ్లైంది. ఇప్పుడు నాకు ఫోన్ చేసే కుర్రాళ్లు నలుగురున్నారు. ఒకడు ఆన్‌లైన్ రమ్మీ, ఇద్దరు మందు, ఒకడికి కోపం. నలుగురినీ అడిగేది ఒకటే, నోటు ఎప్పుడు దాచావని.

వచ్చే నెల ఒకటో తారీఖు కన్నా ముందు, ఇరవై ఎనిమిదిన సాయంత్రం ఏడింటికి నువ్వు ఎవరికి ఫోన్ చేస్తావో ఆ పేరు ఇవాళే రాసి పెట్టుకో. మీ సంఘంలో అలాంటి మనిషి ఎవరున్నారో తెలియట్లేదంటావేమో. ఆదివారం ఆశీర్వాదం అయిపోయాక వెంటనే బండి తీయకుండా ఓ పది నిమిషాలు ఆగి చూడు. అందరూ షేక్‌హ్యాండులిచ్చుకుంటూ బయటికి పోతుంటే, వెనక ఒక మనిషి చాపలు చుట్టి మూలన పెడుతూ ఉంటాడు. మా మాస్టారిని నేను మొదట చూసింది ఆ పని చేస్తుండగానే.